పసుపురాజూ, సుంకులమ్మ చేనూ

ఒరే యశ్వంతూ, ఆ కాళ్ళు గీతమ్మ మీద నుంచి తియ్యి. దుప్పటి ఇద్దరికీ సరిపోతుంది, లాక్కోబాకండి. ఆఁ, అట్లా. ఇంక నోళ్ళు మూసి చెవులు తెరవండి. నేను చెప్తుంటే మీరు ఊ కొట్టాల. మీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది, ముందే చెప్తున్నా.

అనగనగనగా, మా అవ్వకి వాళ్ళవ్వ చెప్పిన కాలంలో, చిలకలదిన్నె అని ఒక ఊరు ఉండేదంట. ఆ ఊరున్న రాజ్యానికి ఒక రాజు. ఆయన అసలు పేరు ఇంత పొడుగుండి ఎవరికీ నోరు తిరగక, అందరూ పసుపురాజు అనేవాళ్ళు. ఎందుకంటావా? ఆయనకి పసుపు రంగంటే పిచ్చి. పసుపు పంచె, పసుపు పాగా, పసుపు పల్లకీ. ఆఖరికి గుర్రానికి కూడా పసుపు పూయించాడు. అది తుమ్మీ తుమ్మీ రాజుగారిని కింద పడేసింది. నవ్వండి, నవ్వండి, నవ్వితే ఊ కొట్టినట్టే లెక్క.

మనిషి చెడ్డోడేం కాదు. తిక్క, అంతే. ఆయన పక్కన ఒక మంత్రి ఉండేవాడు, తలూపు మంత్రి. రాజు వాన అంటే తలూపేవాడు, ఎండ అంటే తలూపేవాడు. ఒకరోజు రాజు కోట మేడ ఎక్కి చుట్టూ చూశాడంట. ఒక చేను ఆకుపచ్చ, ఒక చేను గోధుమ రంగు, ఒక చేను ఎర్రమట్టి. ఛీ, ఇదేం రాజ్యం, గుడ్డపీలికలు అతికి కుట్టిన గంతలబొంత మాదిరి ఉంది అనుకున్నాడు. ఇకమీదట మేడ మీద నుంచి ఎటు చూసినా పసుపే కనపడాల అన్నాడు. మంత్రి తలూపాడు.

దండోరా పడింది. డండం డండం! 'ఎటు చూసినా పసుపు కనపడాల, పసుపు కనపడని చేను రాజభటులు పీకి పారేస్తారహో!' కోట నుంచి బండ్లమీద బంతి విత్తనాలు వచ్చాయి. జొన్న చేలు పోయినాయి, కొర్ర చేలు పోయినాయి, కంది సాళ్ళు పోయినాయి. ఊరూరా బంతిపూలు, పూలే పూలు. చూడ్డానికి బానే ఉండేదంట. మరి తినడానికో? పూలు తింటారా ఎవరైనా? తినరుగా!

దానికి కూడా రాజు దగ్గర జవాబుంది. పూలు తెచ్చి కోటలో పొయ్యండి, నా కొట్లలో గింజలున్నాయి, పట్టుకుపోండి అన్నాడు. గింజలకి ఇంటి మగవాడే రావాల, ఆడవాళ్ళు రాగూడదు అన్నాడు. ఎందుకు రాగూడదో రాజుకీ తెలీదు, మంత్రి తలూపాడు కాబట్టి అదే చట్టం.

మరి మగవాళ్ళు పోయి ఏం తెచ్చేవాళ్ళు? కోట దగ్గర బయలుదేరేటప్పుడు మూట బిర్రుగా ఉండేది. కల్లంగడి దగ్గర కొంచెం, కోడిపందెం దగ్గర కొంచెం, చుట్టల కొట్టు దగ్గర కొంచెం. ఇంటి గడప తొక్కేసరికి అది మూట కాదు, ముడి!

ఊ కొడుతున్నారా? సరే.

ఆ చిలకలదిన్నెలో కొండప్ప అని ఒక రైతు. మీసాలు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. ఆయన పెండ్లాం ఓబులమ్మ. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో ఊళ్ళో సగం మందికి తెలీదు, మొగవాళ్ళ ముందు నోరెత్తి ఎరగదు. వాళ్ళ కొడుకు మద్దిలేటి, మెత్తని మనిషి, నాయన దగ్గినా ఉలిక్కిపడతాడు. ఒక చిన్న కూతురు, ఈరమ్మ, నీ అంత ఉంటుంది గీతమ్మా. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలే మన సుంకులమ్మ. కొండవార పల్లెలో పెరిగిన పిల్ల, గట్టి పిల్ల.

ఆ ఇంట్లో తిండి ఎట్లాగంటే, మామ తిన్నాడు. మొగుడు తిన్నాడు. అత్త కుండ గోకింది. ఆడబిడ్డ గరిటె నాకింది. సుంకులమ్మ నీళ్ళు తాగింది. మర్నాడూ అంతే. మామ తిన్నాడు, మొగుడు తిన్నాడు, అత్త కుండ గోకింది, ఆడబిడ్డ గరిటె నాకింది, సుంకులమ్మ నీళ్ళు తాగింది. అడిగే నాథుడు లేడు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు మళ్ళీ. ఎప్పుడూ అట్లాగే జరిగింది కాబట్టి అట్లాగే జరగాల అనుకున్నారు.

మొదటి ఏడు ఎట్లాగో గడిచింది. రెండో ఏడు కోటలో ఇచ్చే మూట చిన్నదైంది. ఎందుకవ్వా అంటావా? నువ్వే చెప్పు. రాజ్యమంతా పూలు పండిస్తుంటే గింజలు పండించేదెవరు? కొట్లోంచి తీసేవాళ్ళేగానీ పోసేవాళ్ళు లేరు. ఇంత చిన్న సంగతి రాజుకి తట్టలేదు. మంత్రికి తట్టిందో లేదో, తలమాత్రం ఊపాడు.

ఒకనాడు పూలు కోస్తా కోస్తా ఈరమ్మ సాళ్ళల్లోనే కూలబడిపోయింది. మొహం పాలిపోయింది, పిలిస్తే పలకదు. సుంకులమ్మ ఎత్తుకుని ఇంటికి పరిగెత్తింది. పిల్లకి జావ కాద్దామంటే ఇంట్లో చిటికెడు పిండి లేదు. ఉన్నదల్లా పొద్దున తనకోసం అత్త దాచిపెట్టిన చిన్న సంగటి ముద్ద, రేగుపండంత. అది నీళ్ళల్లో పిసికి పిల్లకి సగం తాగించింది. పిల్ల కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు చూశాక సుంకులమ్మకి ఏడుపు రాలేదంట, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీని కోపం.

ఇంటి వెనక పాత గాదె ఒకటి ఉండేది, గింజలు పోసుకునే పెద్ద గాదె. చాలా కాలంగా వట్టిదే. దాంట్లో దయ్యముందని ఎవరూ అటు పోరు. మధ్యాన్నం పూట గలగలమని చప్పుడయ్యేదంట. సుంకులమ్మ జావ గిన్నె చేతిలో ఉండగానే చీపురు తీసుకుని తిన్నగా గాదెలోకి దిగింది, మూలల్లో నాలుగు గింజలైనా దొరక్కపోతాయా అని.

ఊడుస్తా ఉంటే వెనకనుంచి ఎవరో, "ఎవతివే నువ్వు, నా ఇల్లు ఊడ్చడానికి?" అన్నారు.

తిరిగి చూస్తే దయ్యం! నిజం దయ్యమేరా. తెల్లటి జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు, గోడలోంచి సగం ఇవతలికి, సగం అవతలికి. ఇంకొకరైతే గుండె ఆగి చచ్చేవాళ్ళు. మన సుంకులమ్మ ఏమందో తెలుసా?

"ఈ ఇంటి కోడల్ని. గింజలుంటే ఇవ్వు, లేకపోతే పక్కకి జరుగు."

ఆకలి మీదున్న మనిషికి భయం ఎక్కడిది! దయ్యమే బిత్తరపోయింది. నన్ను చూస్తే భయం లేదా అంది. భయపడటానికి ఓపిక లేదవ్వా అంది ఈమె. అప్పుడు దయ్యం సుంకులమ్మ చేతిలో ఉన్న గిన్నె వంక చూసింది. ఈరమ్మ తాగగా మిగిలిన జావ అడుగున ఇంత ఉంది. దయ్యం చూపు ఎట్లా ఉందో సుంకులమ్మ పోల్చుకుంది. రోజూ అత్త కళ్ళల్లో చూసేదే అది.

"తిన్నావా అవ్వా నువ్వు?" అని అడిగింది.

అంతే, దయ్యం భోరుమని ఏడ్చింది. ఏడుపంటే మామూలు ఏడుపా, గాదె మొత్తం ఊగింది. ఆ దయ్యం పేరు బసమ్మంట. ఎవరో కాదు, కొండప్పకి సొంత జేజి, వాళ్ళ నాయనమ్మ! బతికున్నన్నాళ్ళు ఇంటిల్లిపాదికీ వండి పెట్టింది, అందరూ లేచాక వట్టి కుండ ముందు కూర్చుంది. ఆమెని ఏనాడూ ఒక్కరంటే ఒక్కరు తిన్నావా అని అడగలేదు. ఆ మాట వినకుండా పోలేక ఆ గాదెలోనే ఉండిపోయింది. పాపం!

సుంకులమ్మ ఆ మిగిలిన జావ దయ్యానికిచ్చింది. తాను మళ్ళీ నీళ్ళు తాగింది. దయ్యం గిన్నె నాకేసి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి ఇంత పొడుగు చాపి అటక మీది నుంచి ఎండిన సొరబుర్రలు దించింది. ఊపితే గలగల! అన్నీ విత్తనాలే. కొర్రలు, కందులు, పెసలు, మినుములు, ఆవాలు, గుమ్మడి, బీర, దోస, సొర. బూడిద కలిపి, వేపాకు వేసి, ఏటా మిద్దె మీద ఎండబెట్టి మళ్ళీ దాచేదంట. మిద్దె మీద చప్పుడైతే మీరంతా పిల్లి అనుకునేవాళ్ళు అంది. కోపంగానే అంది, పిల్లితో పోల్చినందుకు.

ఇవన్నీ నీకిస్తా గానీ ఒక షరతు అంది బసమ్మ. ఇకనుంచి ఈ ఇంట్లో ఆడా మగా అందరూ ఒకే బంతిలో కూర్చుని తినాల. వెనక తినడం, అడుగు గోకడం ఉండకూడదు. ఇది ఒప్పుకుంటేనే విత్తనం అంది. సుంకులమ్మ, నేను ఒప్పుకుంటా, మా మామ ఒప్పుకోవాల కదా అంది. ఆ కొండిగాడి సంగతి నాకొదిలెయ్ అంది దయ్యం.

ఇప్పుడు చూడండి తమాషా. యశ్వంతూ, పడుకున్నావా? లేదా? మంచిది, ఈ ముక్క అయ్యాక పడుకో.

ఆ సాయంత్రం కొండప్ప కోట నుంచి ముడంత మూటతో వచ్చాడు, ఓబులమ్మ ఆ గింజలు విసిరి సంగటి కెలికింది. కాళ్ళు కడిగాడు. పీట వేసుకున్నాడు. సంగటి పళ్ళెం ముందుకొచ్చింది. ముద్ద తియ్యబోతే పళ్ళెం ఇంత దూరం జరిగింది. ఆయన జరిగాడు, పళ్ళెం జరిగింది. ఈ గోడ దగ్గరికి పోయాడు, పళ్ళెం ఆ గోడ దగ్గరికి పోయింది. ఆ గోడ దగ్గరికి పోయాడు, పళ్ళెం ఉట్టి కిందకి పోయింది. మీసాలకి చెమటలు పట్టినాయి. అప్పుడు పైనుంచి, "ఒరే కొండిగా! నీ పెండ్లాం కూర్చుందంట్రా?" అని గొంతు.

చిన్నప్పుడు చెవి మెలేసిన జేజి గొంతు మర్చిపోతాడా? కొండప్ప వంటింటి వైపు తిరిగాడు. "ఓబులూ, వచ్చి కూర్చో, నీకు దణ్ణం పెడతా!" అని అరిచాడు. ఓబులమ్మ రానంది. సిగ్గంట. నలుగురిలో కూర్చుని తినడం ఆమెకి చేతకాదు, ముద్ద ఎట్లా చెయ్యాలో కూడా మర్చిపోయింది. సుంకులమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, పక్కన ఈరమ్మని, ఆ పక్కన మద్దిలేటిని. తానూ కూర్చుంది. ఉన్న ఆ కాస్త సంగటినీ అందరికీ సమానంగా పంచింది. కొండప్పకి ఆవేళ కడుపు నిండలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, పొయ్యి మీద ఎంత తక్కువ వండుతున్నారో ఆయనకి అప్పుడే తెలిసింది. తల ఎత్తలేదంట. మూటలోంచి దారిలో కొంచెం కొంచెం ఎట్లా పోయిందో ఆయనకి తెలుసు కదా మరి.

ఆ మర్నాడు సుంకులమ్మ కొంగునిండా విత్తనాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ళందరూ విత్తనాలు చూసి మురిసిపోయారు, ముట్టుకోవడానికి మాత్రం భయపడ్డారు. రాజాజ్ఞ కదమ్మా, చేలు పీకేస్తారంట కదా అన్నారు. సుంకులమ్మ దండోరా వేసేవాణ్ణి పిలిచి, ఆవేళ అన్న మాట మళ్ళీ అనమంది. వాడు డండం అని, 'ఎటు చూసినా పసుపు కనపడాల' అన్నాడు. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు.

"విన్నారా? రాజు పసుపు అడిగాడు. బంతి అని ఎక్కడన్నా అన్నాడా?" అంది సుంకులమ్మ. "గుమ్మడి పువ్వు ఏం రంగు?"

పసుపు అన్నారు ఆడవాళ్ళు.

"బీర పువ్వు?" పసుపు. "దోస పువ్వు?" పసుపు. "కంది పువ్వు?" పసుపు. "ఆవ పువ్వు? పెసర పువ్వు? మినుము పువ్వు?" పసుపు, పసుపు, పసుపు! "కొర్ర వెన్ను పండితే?" బంగారు పసుపు! అని అందరూ చప్పట్లు కొట్టారంట. ఒక ముసలామె, మరి సొర పువ్వు తెల్లగా ఉంటుందే అంది. దాన్ని ఇళ్ళ వెనక, కోటకి కనపడకుండా పాకిద్దాం అన్నారు.

మగవాళ్ళు గొణిగారు, లేకపోతే ఎట్లా? ఆడవాళ్ళ మాట విని విత్తనం వేస్తామా అన్నారు. మద్దిలేటి, నాయన దగ్గితే ఉలిక్కిపడే ఆ మద్దిలేటి, అందరి ముందూ లేచి, మన మాట విని రెండేళ్ళు వేశాం కదా, ఏం తిన్నాం అని అడిగాడంట. నాగళ్ళు కదిలినాయి.

తొలకరి పడింది. ఆడవాళ్ళు సాళ్ళు చూపించారు, ఏది ఎక్కడ వెయ్యాలో వాళ్ళే చెప్పారు. కొర్ర పక్కన కంది, కంది కింద పెసర, గట్టున ఆవాలు, కంచెమీద బీర, దిబ్బమీద గుమ్మడి. ముందుగా పాదులు కాశాయి, తర్వాత పెసర వచ్చింది, ఆ తర్వాత కొర్ర. ఒకటి అయిపోయేలోపు ఇంకొకటి. ఈరమ్మ బుగ్గలు గుమ్మడికాయ మాదిరి అయినాయి.

గాదెలో మొదటి కొర్రలు పోసిన రోజు బసమ్మ కూడా బంతిలో కూర్చుంది. సుంకులమ్మ కొసరి కొసరి వడ్డించింది. దయ్యం తేన్చింది! ఇంక చాలే తల్లీ, నేను పోతా అని, పొగ మాదిరి మిద్దె మీదుగా పోయింది. మర్నాడు సుంకులమ్మకి గుబులు. దయ్యం పోయింది, మామ మళ్ళీ పాత మామ అవుతాడేమో అని. కొండప్ప పీట వేసుకున్నాడు. ఇంకో పీట వేశాడు. "ఓబులూ, ఆలస్యమెందుకు, చల్లారిపోతుంది రా" అన్నాడు. దానికి ఏ దయ్యమూ చెప్పలేదు మరి.

ఇక కోటలో సంగతి వినండి. కొట్లు వట్టివైపోయాయి. వంటవాడు రాజుకి బంతిపూల వేపుడు పెట్టాడు, బంతిపూల పులుసు పెట్టాడు. రాజు ఒక ముద్ద తిని, పాగాతో నాలుక తుడుచుకున్నాడు. మేడ ఎక్కి చూస్తే పసుపు ఏదీ? ఊళ్ళల్లో నీళ్ళు పొయ్యడానికి ఓపికున్నవాళ్ళు లేక పూలన్నీ ఎండిపోయినాయి. ఎటు చూసినా గోధుమ రంగు. ఒక్క చిలకలదిన్నె వైపు మాత్రం పసుపు ధగధగా మెరుస్తా ఉంది. పదండి అన్నాడు. బోయీలకి పల్లకీ లేపే సత్తువ లేదు. రాజు నడిచే వచ్చాడు. మంత్రి తలూపుతా వెనకే వచ్చాడు.

వచ్చి చూస్తే ఏముంది, చేనంతా కాయలు! ఇవి నా బంతులు కావే, మోసం చేశారే అని మండిపడ్డాడు. పీకెయ్యండి అని భటులకి చెప్పాడు. ఊరి ఆడవాళ్ళందరూ చేతులు చేతులు పట్టుకుని చేనికి అడ్డంగా నిలబడ్డారు. భటులు ఆగిపోయారు. వాళ్ళకీ ఆకలేగా, కళ్ళన్నీ దోసకాయల మీదే. సుంకులమ్మ ముందుకొచ్చి, మీరు పసుపు అడిగారు, పసుపే వేశాం, అబద్ధమైతే చూడండి అని చెప్తా ఉంది. రాజు వినిపించుకోలేదు. "బంతి ఏదీ? నా బంతి ఏదీ?" అని ఒకటే అరుపు.

అప్పుడు మాట్లాడింది ఎవరనుకుంటున్నారు? ఓబులమ్మ! మొగవాళ్ళ ముందు పెదవి కదపని ఓబులమ్మ.

"బంతే కదా సామీ కావాల్సింది? రా, చూపిస్తా" అంది.

రాజు చెయ్యి కాదుగానీ, ఆయన పసుపు ఉత్తరీయం కొస పట్టుకుని తీసుకుపోయింది. ఊరి మధ్య చలవపందిరి కింద ఆడా మగా పిల్లా జెల్లా వరసగా కూర్చున్నారు. విస్తళ్ళలో కొర్రన్నం, పెసరపప్పు, బీరకాయ కూర, ఆవపెట్టిన గుమ్మడి. "ఇదీ మా బంతి. నువ్వూ కూర్చో. మా ఆడోళ్ళ పక్కనే కూర్చోవాల మళ్ళీ. తిన్నాక కూడా పీకాలనిపిస్తే, నేనే దగ్గరుండి పీకిస్తా."

రాజు ఓబులమ్మని చూశాడు, విస్తరిని చూశాడు. ఆ ఆవ ఘాటు ముక్కుకి తగిలింది. కూలబడ్డాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకి కళ్ళల్లో నీళ్ళు. ఆవ ఘాటుకి అని చెప్పుకున్నాడు గానీ, ఆవ ఘాటుకి కాదు. పక్కనే ఈరమ్మ కూర్చుని, ఇంకొంచెం పప్పు వేసుకో మామా, మొహమాట పడబాక అంది. తన రాజ్యంలో మిగతా ఊళ్ళల్లో ఈ ఈడు పిల్లలు ఏం తింటున్నారో అని రాజు అప్పుడు ఆలోచించాడు. అప్పుడే మొదటిసారి.

భటులు తిన్నారు, బోయీలు తిన్నారు. పీకమని మళ్ళీ చెప్పమంటారా అని మంత్రి అడిగాడు. రాజు వద్దన్నాడు. మంత్రి తలూపాడు. ఈసారి మాత్రం ఆ ఊపు బాగుంది.

చేతులు కడుక్కున్నాక రాజు సుంకులమ్మని పిలిచి, నీకేం కావాలో కోరుకో తల్లీ అన్నాడు. పసుపు పట్టుచీర అడుగుతుందనుకున్నాడు. సుంకులమ్మ, నాకేం వద్దు సామీ, ఏ చేలో ఏం వెయ్యాలో ఆ ఇంటి ఆడమనిషి చెప్పేటట్టు, గాదె తాళంచెవి ఆమె మొలనే ఉండేటట్టు మీ దండోరాలో ఒక్క మాట చేర్పించండి అంది. అంతేనా అన్నాడు రాజు. అంతే అంది. చూడండి, ఎంత చిన్నగా అడిగి ఎంత పెద్దది తీసుకుందో!

మళ్ళీ దండోరా పడింది. డండం డండం! ఆ సాయంత్రమే చిలకలదిన్నె ఆడవాళ్ళు కొంగుల్లో విత్తనాలు మూట కట్టుకుని, ఒక్కొక్కరూ ఒక్కో ఊరి దారి పట్టారు. పిండి కొంచెం, విత్తనం కొంచెం. పిండి ఈ పూటకి, విత్తనం వచ్చే పంటకి. ఓబులమ్మ అందరికంటే దూరపు ఊరికి పోయింది. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉందంట, ఇన్నేళ్ళ మాటలు దాచుకుంది కదా. వచ్చే ఏటికి రాజు మేడ ఎక్కి చూస్తే ఒక చేను పసుపు, ఒక చేను పచ్చ, ఒక చేను ఊదా. గంతలబొంత! భలే ఉంది బొంత అని పిల్లలకి చూపించి మురిసిపోయాడంట. ఆ రాజ్యంలో పిల్లలెవరూ సాళ్ళల్లో కూలబడలేదు, ఆడవాళ్ళెవరూ వట్టి కుండ ముందు కూర్చోలేదు. అందరూ చల్లగా ఉన్నారు.

ఏం అర్థమైంది మీకు? అదేం లేదు, రేపు పొద్దున టిఫిను తినేటప్పుడు మీ అమ్మ కూర్చుందా నిలబడిందా ఒకసారి చూడండి. నిలబడి ఉంటే, నువ్వు గీతమ్మా ఒక ప్లేటు తెచ్చి పెట్టు, నువ్వు యశ్వంతూ ఒక కుర్చీ లాగు. దోసెలు వేడివేడిగా మీ నాయన కూడా వెయ్యగలడు, నేను నేర్పించాలే వాడికి.

ఊ ఏదిరా? పడుకున్నారా ఇద్దరూ? సరే సరే. కథేమో కంచి బస్సెక్కింది, మనమేమో దుప్పట్లో దూరాం.